ఫ్లైఓవర్ ఎక్కిన మొదటి రోజు

మావయ్యకి, అంటే మా అమ్మ తమ్ముడికి, కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కవిటి పక్కనున్న మా ఊరి నుంచి నా ఆటోలోనే డయాలసిస్‌కి తీసుకెళ్లేవాణ్ణి. ఆసుపత్రి హైవే జంక్షన్‌ని ఆనుకునే ఉంది. ఆ జంక్షన్ తవ్విపోసి ఫ్లైఓవర్ కడుతున్నన్నాళ్లూ లారీల మధ్య ఇరుక్కుని నేను తిట్టని తిట్టు లేదు. అయినా గంట ముందే బయల్దేరేవాళ్లం కాబట్టి ఒక్కసారి కూడా మావయ్య వంతు తప్పలేదు. వేళకి మనిషి లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఫ్లైఓవర్ మీదకి బళ్లు వదిలారని తెలిసిన మర్నాడు నాకెక్కడలేని ధీమా వచ్చింది. తీరిగ్గా టీ తాగాను. మావయ్య ఎప్పటి వేళకే చెప్పులేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఎల్దామేట్రా?" అన్నాడు రెండుసార్లు.

"ఇంకా జామెక్కడిది మావా, రెక్కలొచ్చినట్టు ఎల్లిపోతాం" అన్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా?

పైకెక్కితే నిజంగానే ఒక్క లారీ అడ్డం లేదు. ఈల వేస్తున్నాను. మావయ్య వెనక నుంచి నా భుజం పట్టి కుదిపాడు.

"ఒరే అల్లుడూ, ఆసుపత్రి కిందుండిపోనాదిరా!"

గోడ మీంచి చూస్తే ఆసుపత్రి డాబా వెనక్కి పోతోంది. ఆసుపత్రికి వెళ్లాలంటే పైకెక్కకుండా కిందున్న సర్వీసు రోడ్డు పట్టాలని నా మట్టిబుర్రకి తట్టనే లేదు. తిరిగి రావడానికి మలుపు కోసం ఎంతో దూరం పోవలసి వచ్చింది.

మేం చేరేసరికి మంచం మీద వేరే ఆయన ఉన్నాడు. సాయంత్రం ఖాళీ అయితే చూద్దామంది నర్సు. చెప్పు బిగుసుకుపోయిందని మావయ్య అంటే విప్పాను. నీరు పట్టి ఉబ్బిన పాదం మీద నా వేలు ఆనినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ బండి తోలానే గాని ఆ కాళ్లకేసి ఎప్పుడూ చూడలేదు.

అంతలో అత్త ఫోన్ చేసింది. "బ్రిడ్జి ఎక్కినారేటి? బేగి ఎల్లిపోనారా?"

నేను నోరు తెరిచేలోపే మావయ్య ఫోన్ లాక్కున్నాడు.

"బేగే వొచ్చీసినాం. సూది ఎట్టీసినారు. అల్లుడు బాగా తోలినాడు."

ఆ మూడు మాటలకీ మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.