నల్లకోట కమాను కింద

ఒట్టు పెట్టకూడదని సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి ఒట్టు పెట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒక్క మాట కలిపినా, ఒక్క మాట దాచినా దేవునికి తెలుసు. దాచాలని మాత్రం ఉంది... ఎందుకంటే ఇందులో నేను మంచివాణ్ణి కాదు.

మాది మార్కాపురం. పలకల పని. నాయన అదే చేశాడు, నేనూ అదే చేశాను. బడిపిల్లల పలకలకు గిరాకీ పోయాక, ఆ రాతితోనే గోడలు కట్టే పని పట్టుకున్నాను. సామేలు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. మా చర్చి సంఘంలోవాడే. నాకన్నా పదేళ్ళు చిన్న. వాడు నన్ను అన్నా అంటాడు. నేను తమ్ముడా అంటాను.

పొదిలి రోడ్డులో ఒక శెట్టిగారు పిల్లల పార్కు కట్టించారు. ఊయలలూ జారుడుబల్లలూ కాదు. టీవీలో వచ్చే బొమ్మల సీరియల్లో నల్లకోట అని ఒక కోట ఉంటుంది. పిల్లలకు ప్రాణం. ఆ కోటనే నేల మీద నిలబెట్టాలన్నారు. హైదరాబాదు నుంచి ఒక డిజైనరమ్మ వచ్చింది.

"లోపల అడుగుపెడితే ఇది మార్కాపురం అని గుర్తు రాకూడదు" అంది మొదటిరోజే. "కరెంటు తీగ కనిపించకూడదు. చెత్తబుట్ట కూడా కోటలో రాయిలాగే ఉండాలి."

నాకు ప్రహరీ ఇచ్చారు. సామేలుకు గుమ్మం. నా గోడ దారం పట్టినట్టు వచ్చింది. ఆమె చూసి, "బాగుంది. కానీ కొత్తింటి గోడలా ఉంది" అంది.

సామేలు కట్టిన గుమ్మం దగ్గర మాత్రం ఆమె చాలాసేపు నిలబడింది.

"పైన ఈ నలుపేమిటి?"

"ఈడ దివిటీ పెడతారు గదా మేడం. వందేండ్లు మండితే మసి పట్టదా?"

"మరి ఈ రాయి ఎందుకు అరిగింది?"

"లోపలికి పోయేవాళ్ళందరూ చెయ్యి ఆనించేది ఆడనే. అందుకని అరగదీసినా."

ఆమె చప్పట్లు కొట్టింది. నేను పారేయమన్న రాళ్ళవి. అంచులు విరిగినవి, రంగు వెలిసినవి. వాటినే ఏరి తెచ్చి పెట్టాడు. నాకు ముప్ఫై ఏళ్ళుగా రాయి తెలుసు. ఆ రాయికి వందేళ్ళ వయసు తేవచ్చని నాకెందుకు తోచలేదు?

తిరుపతి దగ్గర ఇలాంటిదే ఇంకో పార్కు రాబోతోంది. దానికి పెద్దమేస్త్రిగా మా ఇద్దరిలో ఒకరిని పంపుతామన్నారు. మర్నాడు పొద్దున గుమ్మం చూసి పేరు చెబుతానన్నారు శెట్టిగారు.

ఆ రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థన నేనే చేశాను. ఆమెన్ అన్నాక నా భార్య మరియమ్మ కళ్ళు తెరిచి నా వైపే చూసింది.

"ఏంది, ఈ పొద్దు సామేలు పేరు రాలేదే ప్రార్థనలో?"

"మరిచిపోయినా."

"రోజూ వాని పేరు ఎత్తనిదే ముద్ద దిగదు నీకు. మరుపు బాగనే వచ్చింది."

అందరూ పడుకున్నారు. పన్నెండు దాటాక బండి తీశాను.

కాపలా తాత మనవరాలి పెళ్ళికి దొనకొండ పోయాడు. ఎవరూ ఉండరని నాకు తెలుసు. బండి దూరంగా ఆపాను. టార్చి ఉంది, కానీ వెలిగించలేదు. వెన్నెల ఉంది, గుమ్మం కింద మాత్రం చీకటి. గుమ్మం స్తంభాల మీద కమాను ఆ సాయంత్రమే కట్టారు. సిమెంటు ఇంకా పచ్చి. కింద, అది గట్టిపడేదాకా మోసే సెంట్రింగ్ చెక్కలు. వాటికి ఊతంగా నాలుగు కర్రలు. ప్రతి కర్ర అడుగున బిగువుకు కొట్టిన ఒక చెక్క చీల. ఆ నాలుగూ లాగితే చాలు... కమాను కూలుతుంది. పొద్దున శెట్టిగారికి రాళ్ళకుప్ప కనిపిస్తుంది. కర్ర జారిందంటారు. అంతే.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రార్థనకు కూర్చున్నట్టే. మొదటి చీల లాగాను. వచ్చింది. రెండోది... కొంచెం మొరాయించి వచ్చింది. పైన ఎక్కడో చెక్క కిర్రుమంది. మూడోదాని మీద చెయ్యి వేశాను.

టక్... టక్... టక్.

ఆగిపోయాను.

పలకల పనివాళ్ళకు ఒక అలవాటుంది. రాయి మంచిదో కాదో వేలి కణుపుతో మూడుసార్లు తట్టి చెవి పెడతాం. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే చప్పగా పలుకుతుంది. ఎవరో అలా తడుతున్నారు. నా ప్రహరీ వైపు నుంచి. టక్ టక్ టక్... కాస్త ఆగడం, చెవి పెడుతున్నట్టు. మళ్ళీ ఇంకో రాయి. ఖంగు. ఖంగు. ఇంకొంచెం దగ్గరగా. ఒక్కో రాయే తట్టుకుంటూ... నా వైపే వస్తోంది.

అప్పటిదాకా కీచురాళ్ళు అరుస్తూనే ఉన్నాయి. ఎప్పుడు ఆగాయో గమనించలేదు.

గోడ వెంట చూశాను. ఎవరూ లేరు. వెన్నెల గోడ మీద తెల్లగా పడుతోంది. మనిషి ఉంటే నీడైనా ఉండాలి. లేదు. చప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చింది. నా తల పక్కనున్న రాయి మీద... మూడుసార్లు. చప్పగా పలికింది. ఆ రాయిలో బీట లేదు. సాయంత్రం నేనే చూశాను.

తర్వాత గొంతు వినిపించింది. గట్టిగా కాదు. మగ గొంతో ఆడ గొంతో చెప్పలేను. దుకాణంలో ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా...

"నీ తమ్ముడు యాడున్నాడు?"

ఆ ప్రశ్న లోకంలో మొదట ఎవరిని అడిగారో నాకు తెలుసు: బైబిల్లో, ఈర్ష్యతో తమ్ముణ్ణి పొలంలో చంపిన అన్నను దేవుడు అడిగాడు. పిల్లలకు నేనే ఆ పాఠం చెప్పాను. ఎన్నో కీర్తనలు కంఠతా వచ్చు నాకు. ఒక్కటీ నోటికి రాలేదు. ఆ అన్న దేవునికి చెప్పిన జవాబే వచ్చింది.

"నాకు తెలియదు" అన్నాను.

ఏమీ లేదు. చెవి పెట్టాను. అప్పుడు వినపడింది. ఊపిరి. నా ముందే, కమాను కింద చీకట్లో. టార్చి వెలిగించాను.

సిమెంటు గోతాలు పరుచుకుని సామేలు పడుకుని ఉన్నాడు. తల సరిగ్గా కమాను నడిమధ్య కింద. పక్కన టిఫిను గిన్నె.

ఎంత వేగంగా ఆ చీలలు తిరిగి పెట్టానో నాకే తెలియదు. రాయితో కొడుతుంటే వాడు లేచాడు.

"ఎవురూ... అన్నా, నువ్వా? ఏంది ఈ యాళప్పుడు?"

"నిద్ర పట్టలా. కమాను చూద్దామని వచ్చినా. నువ్వేంది ఈడ?"

"పచ్చి కమాను ఇడిసిపెట్టి పోబుద్ధి కాలేదన్నా." కళ్ళు నలుపుకున్నాడు. "నిద్రలో ఎవురో రాళ్ళు తట్టినట్టు ఇనపడింది. నువ్వే అనుకున్నా."

"ఎవరన్నా మాట్లాడినట్టు ఇనపడిందా?"

"నువ్వే గదా మాట్లాడింది. నాకు తెలియదు అంటివి. ఎవురికి చెప్తాన్నావు?"

ప్రశ్న వాడికి వినపడలేదు. జవాబు వినపడింది.

పొద్దున శెట్టిగారు వచ్చారు. సామేలు పేరే చెప్పారు. వాడు అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "శెట్టిగారూ, రాత్రి అన్న లేచి వచ్చి చీలలు బిగించినాడు. నేను సరిగ్గా కొట్టలేదేమో, వదులైనాయి. అన్న లేకుంటే ఈ పొద్దు నేను లేను" అన్నాడు. అందరూ నన్ను పొగిడారు. డిజైనరమ్మ చెయ్యి కలిపింది. చెబితే సిగ్గుచేటు... అప్పుడు కూడా నాకు వాణ్ణి చూసి ఈర్ష్యే కలిగింది. పని మీద కాదు. వాడికి ఆ మనసు ఇచ్చి నాకెందుకు ఇవ్వలేదని.

కోట గుమ్మంలో మాట్లాడే కాపలా బొమ్మ ఒకటి పెట్టాలి. దాని స్పీకర్లు ఇంకా విప్పలేదు, అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అయినా, ఆ బొమ్మ చెప్పే మాటలు ఏమిటని డిజైనరమ్మను అడిగాను. అన్నీ చదివి వినిపించింది. తమ్ముడి మాట ఎక్కడా లేదు.

మరియమ్మకు చెప్పాను. "నీ మనసే అడిగినాది" అంది. మనసు రాళ్ళు తడుతుందా? మా పాస్టరుగారు దేవుడే అన్నారు. దేవుడే అయితే, నేను ఆయన ముఖాన అబద్ధం చెప్పాను. కాకపోతే... ఆ చీకట్లో సామేలు తల మీద కమాను కూలకుండా ఆపింది ఎవరు?

వాడు తిరుపతిలో ఉన్నాడు. వారానికోసారి ఫోన్ చేస్తాడు. ఎలా ఉన్నావు అన్నా అంటాడు. ప్రతిసారీ చెప్పేద్దామనే ఫోన్ ఎత్తుతాను.