బురుజు మీది గీతలు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి నేనూ మా మనవరాలు నిత్యా స్కోఫీల్డ్స్‌లో రైలెక్కాం. నది ఒడ్డునున్న పాత ఊరు విండ్సర్ అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు. సీనియర్ కార్డున్నవారు రెండున్నర డాలర్లతో రోజంతా తిరగొచ్చు.

సోమవారం యూనివర్సిటీలో నిత్య తన వంశం గురించి మాట్లాడాలి. ఇక్కడి పాత ఊరొకటి చూసి, దానితో పోల్చి చెప్పమన్నారట. ప్రసంగం నేనే రాసిచ్చాను. కృష్ణ ఒడ్డున శిథిలమైన కోటలో నదివైపు బురుజుకు మా పూర్వికులు తరతరాల కాపలాదారులు. ఆ బురుజు రాళ్లమీద అడ్డగీతలున్నాయి. ఒక్కో గీత మావాళ్లు నరికిన ఒక్కో శత్రువని మా తాత చెప్పాడు. అరవై ఏళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. పుస్తకాల్లో రాజుల పేర్లే తప్ప కాపలావాళ్ల పేర్లుండవు. ఆ కోపంతోనే, ఎనిమిదో తరగతి దాటని నేను శాసనాలు చదవడం నేర్చుకున్నాను.

ఎదుటి సీట్లో ఒక వరంగల్ అబ్బాయి పలకరించాడు. "విండ్సర్ల ఏమున్నది అంకుల్? రెండొందల ఏండ్ల గోడనే వీళ్లకు హెరిటేజ్." నాకు ప్రాణం లేచొచ్చింది. మా కోట సంగతి దిగేదాకా చెప్పాను.

స్టేషన్ నుంచి నది ఇరవై నిమిషాల నడక. ఒడ్డున ఒక స్తంభం, దానిమీద అడ్డగీతలు. ఏయే వరదకు నీళ్లెంత ఎత్తు వచ్చాయో రాసుంది. నిత్య చాలాసేపు చూసింది.

"తాతయ్యా, మన గీతలు ఫోర్ట్‌కి అన్ని సైడ్స్ ఉన్నాయా?"

"నదివైపే."

"ఈవెన్‌గా ఉన్నాయా?"

"లేవు. కింద దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా."

"మరి ఎనిమీస్ అందరూ స్విమ్ చేసుకుంటూ వచ్చారా?"

ఒళ్లు మండింది. తెచ్చుకున్న పులిహోర ముట్టకుండా బెంచీమీద కూర్చున్నాను. కళ్లముందు మా తాత కదిలాడు. శ్రావణంలో బురుజు కింద మోకాలిలోతు నీళ్లలో నిలబడి రాయి తడిమేవాడు. మూడో గీత తడిస్తే చాలు, దిగువ పల్లెలకు డప్పు వేయించేవాడు. ఇంట్లో మాకు నరికిన తలల కథ చెప్పేవాడు. నేను కథ పట్టుకుని పని వదిలేశాను. రాజుల శాసనాలు చదవడానికి అన్నేళ్లు తగలేసి, మావాళ్లు చెక్కింది చదవలేకపోయాను.

పులిహోర చల్లారిపోయినా రుచిగానే ఉంది.

ఒకటీ నలభై రైలుకు తిరుగు ప్రయాణం. నిత్య కాగితాలు ఒళ్లో పెట్టుకుని పెన్ను నా చేతికిచ్చింది. నరికిన శత్రువులందరినీ కొట్టేశాను. ఆ కోట ఏలిన దొరల పేర్లు ఇవాళ ఆ ఊళ్లోనే ఎవరికీ తెలియవు. మా గీతలను నమ్మి గట్టెక్కిన పల్లెలు మాత్రం ఇంకా ఉన్నాయి. విండ్సర్ వెళ్లేవారు ఆ స్తంభం దగ్గర కాసేపు నిలబడండి. అక్కడి గీతలు గీసినవాళ్లూ మావాళ్లలాంటివాళ్లే.

"'కాపలాదారులు' అని ఉంది కదా, అది కూడా తీసేద్దామా?" అని అడిగింది నిత్య.

"అది ఉంచమ్మా," అన్నాను. "అది నిజం."