పెరటి కుళాయి

కిందటి వారం మా తమ్ముడి కూతురు నన్ను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని రైల్వే కాలనీ మీదుగా కుదుదండ్‌ పేటకు తీసుకెళ్తుంటే, మేం పెరిగిన క్వార్టర్ల వరస మొత్తం కూల్చేసి కనబడింది. గోడలు లేవు, గుమ్మాలు లేవు, మా పెరటి కుళాయి మాత్రం ఇంకా ఎవరినో లోపలికి పోనివ్వకూడదన్నట్టు ఇటుకల మధ్య నిటారుగా నిలబడి ఉంది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ల ఊరికి, రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో పనికొచ్చినవాడు. అమ్మ మా చిన్నప్పుడే పోతే మమ్మల్ని మా మేనత్త పెంచింది, తన నోటి దగ్గర ముద్ద నా నోట్లో పెట్టి మరీ. నేను నర్సునవుతానంటే ఒప్పుకుంది కూడా, జ్వరానికి మాత్రలిచ్చే ఉద్యోగమనుకుంది పాపం. నాగ్‌పూర్‌ వెళ్లి డయాలిసిస్‌, అంటే మూత్రపిండాలు చెడినవాళ్ల రక్తాన్ని యంత్రంలోకి తీసి శుభ్రం చేసి మళ్లీ ఒంట్లోకి పంపే విద్య, నేర్చుకుని వచ్చాక మాత్రం గుమ్మానికి చెయ్యడ్డం పెట్టింది.

“ఏటే గుంటా, ఊరోళ్ల రత్తమంతా ముట్టుకుని తిన్నగా వంటింట్లోకొచ్చేస్తన్నావు? ముందు కుళాయి కాడికెళ్లు.”

ఆనాటి నుంచి చలికాలమైనా సరే, తలమీంచి నీళ్లు పోసుకున్నాకే నాకు ఇంట్లో అన్నం. నన్ను తన కొడుక్కి చేసుకుంటానన్న మాట కూడా ఆ నీళ్లలోనే కొట్టుకుపోయింది. ఊరందరికీ సిస్టర్‌నైపోయాక ఇంకెవరికి భార్యనవుతానని నేనూ నవ్వేశాను. రక్తాన్ని శుభ్రం చెయ్యడం నేర్పారు గాని, రక్తసంబంధాన్ని శుభ్రం చేసే యంత్రం నాగ్‌పూర్‌లో కూడా లేదు.

కొన్నేళ్లకు అత్త మూత్రపిండాలే చెడ్డాయి, నేను చూసే మంచానికే వచ్చింది. మెడ దగ్గర గొట్టం అమర్చారు. దాని మీది కట్టు తడిస్తే క్రిములు నేరుగా రక్తంలోకే పోతాయి, తల మీద నీళ్లు పోసుకోవద్దని అత్తకు చెప్పాను, ఆమె కోడలికి చెప్పాను, నాన్నతోనూ చెప్పించాను. యంత్రం నడిచినంతసేపూ అత్త నా చెయ్యి వదిలేది కాదు. ఇన్నాళ్లకు ఈ చేతులు పనికొచ్చాయి, ఇంక గుమ్మం దగ్గర ఆపదు కాబోలని లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఇంటికెళ్లగానే ఆమె మాత్రం అదే కుళాయి కింద కూర్చుని తలారా పోసుకునేది.

కట్టు తడిసి ఉండటం చూసి నిలదీస్తే, నా మొహం చూడకుండా అంది.

“అచ్ఛా, నీకొక నాయం, నాకొక నాయమేటే? అన్నేళ్లు నిన్ను తడిపి, నేను పొడిగా గుమ్మం తొక్కమంటావేటి?”

జ్వరం పట్టుకుంది, మందులకు లొంగలేదు, అత్త పోయింది. పెరట్లో ఆమెకు ఆఖరి స్నానం చేయించడానికి ఏ ఆడమనిషీ ముందుకు రాలేదు, జబ్బు రక్తం అన్నారు. “నీకలవాటే కదే,” అని చెంబు నా చేతిలో పెట్టారు. మెడ మీది కట్టు విప్పి, ఇక తడిస్తే మాత్రమేం అనుకుని, తలారా పోశాను. తరవాత అందరూ ఒక్కసారి స్నానం చేసి లోపలికెళ్లారు. నన్ను మాత్రం రెండోసారి పోసుకోమన్నారు. పోసుకున్నాను.

ఇప్పుడు మా మేనకోడలిదీ అదే ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చిన రోజు కాలనీలో మిఠాయిలు పంచాం. పిల్ల డ్యూటీ నుంచి వస్తూనే చేతులు సబ్బుతో కడుక్కుని తిన్నగా వంటింట్లోకి పోతుంది, పెరుగన్నం కలిపి వాళ్ల నాన్న నోట్లో ఒక ముద్ద పెడుతుంది, ఎవరూ కిక్కురుమనరు. అలా చూస్తున్నప్పుడు సంతోషమే కలుగుతుంది, దాని అడుగున కాస్త అసూయ కూడా ఉంటుందని మీ దగ్గర దాచడమెందుకు.

ఆ రోజు కూల్చిన ఇంటి ముందు స్కూటీ ఆపమన్నాను.

“అత్తా, ఈ కుళాయి ఇంకా చల్తా హై క్యా, నీళ్లొస్తాయేమో చూద్దామా?” అంటూ పిల్ల ఇటుకలు తొక్కుకుంటూ వెళ్లి తిప్పింది, వెనకే నేనూ వెళ్లాను. గాలి బుసకొట్టింది, చుక్క నీరు రాలేదు. పిల్ల నవ్వుతూ నా వైపు తిరిగేసరికి, నా రెండు చేతులూ అప్పటికే కుళాయి కింద చాపి ఉన్నాయి.