గాలిలో పుళి

ఇత్తడి చెంబును చింతపండుతో తోమేటప్పుడు వచ్చే పుల్లటి వాసన నన్ను ఇప్పటికీ వాడిపట్టి తమిళ బడిలోని ఆరో తరగతికి లాక్కుపోతుంది.

ఆ రోజు సైన్సు టీచర్ తమిళంలో ఒక కథ చెప్పింది. పులుపంతా ఆక్సిజన్ వల్లే వస్తుందనుకుని, పూర్వం ఒకాయన దానికి ‘పులుపు పుట్టించేది’ అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడట. అంతలో గంట కొట్టారు.

నేను ఇంటికి పరిగెత్తాను. అవ్వ పెరట్లో చెంబు తోముతోంది.

“అవ్వా, గాలిలో పుళి ఉండాదంట!”

తమిళంలో పుళి అంటే చింతపండు, పులుపు కూడా. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వకు మాత్రం తెలుగు పులి వినిపించింది.

“పులా? తలుపు మూయవే మొదట!”

నాకు నవ్వు రాలేదు. గాలి తగలకపోతే చింతపండు తియ్యగా మారాలి కదా అని ఒక ముద్దను సీసాలో పెట్టి, మూత చుట్టూ మైనం పూశాను. మర్నాడు క్లాసులోనే మూత తీసి నోట్లో వేసుకున్నాను. పళ్లు జివ్వుమన్నాయి.

“టీచర్, అవరు శొన్నదు తప్పు!” అన్నాను. ఆ పేరు పెట్టినాయన చెప్పింది తప్పని.

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. “నీ సీసా ప్రయోగమూ తప్పే. చింతపండు పులుపులో ఆక్సిజన్ ముందే ఉంది. కానీ ఆయన తప్పన్నది నిజం. బాత్రూం కడిగే యాసిడ్‌దీ పులుపు గుణమే, కానీ అందులో ఆక్సిజనే లేదు. అయినా ఆ పేరు అలాగే నిలిచిపోయింది,” అంది.

ఇప్పుడు నేనూ కెమిస్ట్రీ చెబుతున్నాను. సిలబస్ పోర్షన్ పూర్తికాదని హెడ్మాస్టర్ ఎంత గొణిగినా, ఏటా ఆ తప్పుతోనే పాఠం మొదలుపెడతాను. తప్పు అన్న మాట తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే. అది చెప్పడానికి ఏ పిల్లా భాష మార్చుకోనక్కర్లేదు.