బుచ్చిరాములు విన్న గొంతు

బుచ్చిరాములు, అతని అన్న మార్కండేయులు కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసే ఒక కార్ఖానాలో పనిచేసేవాళ్లు. పొయ్యి మంట చూసుకోవడం తమ్ముడి పని. నూలు ముంచి తీయడం అన్న పని. 1973 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బుచ్చిరాములు టీ కొట్టు దగ్గర రేడియో వింటూ ఆలస్యం చేశాడు. పరుగున వచ్చి, రంగు కాచే రాగి గంగాళం మూత తీసి చూడకుండానే పొయ్యిలోకి మరో నాలుగు కట్టెలు తోశాడు.

అన్న రంగునీళ్ల బకెట్ పట్టుకుని వచ్చాడు.

"నీళ్లు సూసినవారా?"

"సూసిన."

గంగాళంలో నీళ్లు ఎప్పుడో ఇగిరిపోయాయి. అడుగు నిప్పులా కాలుతోంది. మార్కండేయులు మూత జరిపి బకెట్ వొంచాడు. నీళ్లు రాగిని తాకగానే భగ్గున ఆవిరై రంగునంతా అతని ముఖం మీదికి, ఛాతీ మీదికి ఎగజిమ్మాయి. మూడో రోజున దవాఖానాలో ప్రాణం పోయింది.

"తొందరపడి వొంపిండు," అన్నాడు కార్ఖానా యజమాని. వాడకట్టంతా అదే మాట అంది. బుచ్చిరాములు కాదనలేదు. వదిన రాములవ్వ ముందు కూడా నోరు విప్పలేదు. పిల్లలు లేని ఆమె, భర్త తొందరపాటును తిట్టుకుంటూనే జంపఖానా మగ్గం మీద కూర్చుంది.

బుచ్చిరాములు మళ్లీ పొయ్యి దగ్గరికి పోలేదు. ఐటిఐలో వైర్‌మన్ పని నేర్చుకుని, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మెకానిక్‌గా కుదిరాడు. పెళ్లయింది. భార్య అనసూర్య అన్నం వార్చేదాకా వాకిట్లోనే నిలబడేవాడు. ఎందుకని ఆమె మొదట్లో అడిగింది, తరువాత మానేసింది. ల్యాబులో తీగలు అతికే టంకం ఇనుము వేడెక్కుతున్నప్పుడు అప్పుడప్పుడూ వెనుక నుంచి అన్న గొంతు వినిపించేది. ఎప్పుడూ అదే ప్రశ్న. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

1987 మొదట్లో ఎం.టెక్. విద్యార్థిని భారతి ఇంకు చిమ్మి అక్షరాలు రాసే కొత్తరకం ప్రింటర్ మీద పరిశోధన మొదలుపెట్టింది. నర్సంపేట అమ్మాయి. ఆమెకు సాయంగా ఉండమని ల్యాబు పెద్ద గోపాల్ సారు బుచ్చిరాములుకు చెప్పాడు.

అగ్గిపెట్టెంత ప్రింట్ హెడ్డును అరచేతిలో పెట్టి చూపించింది భారతి. "ఇందుల పన్నెండు రంధ్రాలున్నయన్నా. ఒక్కో రంధ్రం ఎనుక ఒక చిన్న రేకు. దానికి కరెంటు రెండు మూడు మైక్రోసెకన్లే ఇస్తం. రేకు మీది ఇంకు ఒక్కసారే ఆవిరై బుడగ లేస్తది. ఆ బుడగ ముందున్న ఇంకును బయటికి నూకుతది. ఒక చుక్క పడ్తది. మల్ల ఇంకు నిండాలె, మల్ల కాలాలె."

బుచ్చిరాములు హెడ్డు మీదికి వంగాడు. "నిండకముందే కాలితే?"

"రేకు మాడిపోతది. మూడు హెడ్లు గట్లనే పోయినయి. మిగిలింది ఇదొక్కటే. ఇంకోటి రావాలంటే నెలలు పడ్తది."

మాడిన హెడ్డును సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అతను కన్ను ఆనించాడు. వరుసగా మెరిసే రేకుల మధ్య ఒకచోట నల్లటి మచ్చ, దాని చుట్టూ చిట్లిపోయిన అంచు. ఆ మచ్చ ఆకారం అతనికి తెలుసు. ఆ వేసవిలో చల్లారిన గంగాళం అడుగు సరిగ్గా అలాగే ఉంది. చప్పున కన్ను తీసేసి బయటికి వెళ్లి, సైకిళ్లు పెట్టేచోట చాలాసేపు కూర్చున్నాడు.

భారతి మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ గొంతు వినబడటం మొదలైంది. పట్టపగలు, చెవి పక్కనే. నీళ్లు సూసినవారా?

వారం తరువాత అతనే అడిగాడు. "మేడం, లోపల ఇంకు ఉన్నదా లేదా, గా రేకుకు తెలుస్తదా?"

"తెల్వదు. మనం కరెంటు పంపితే కాలుడే."

"మేము రంగు గంగాళాల మూత తియ్యకుంటనే నీళ్లు సూసెటోళ్లం. మంట పెంచకముందు సన్నటి సెగ పెట్టి, పక్కకు చెయ్యి ఆనిచ్చేది. నీళ్లుంటే నిమ్మళంగ వేడైతది. లేకుంటే గప్పుడే సురుక్కుమంటది."

ఈ ఉపాయం అతనికి పన్నెండో ఏటనే తెలుసు. ఆ రోజు చెయ్యి ఆనించలేదు, అంతే.

భారతి పెన్ను కింద పెట్టింది. "మల్లొకసారి చెప్పన్నా."

ఆ ఉపాయాన్ని మిషన్‌కు ఎక్కించడానికి నాలుగు నెలలు పట్టింది. అక్షరాల ప్రతి వరుసకు ముందు బుడగ లేవనంత చిన్న కరెంటు పంపాలి. హెడ్డు వెనుక వేడిని పసిగట్టే ఆవగింజంత థర్మిస్టర్ అతికించి వేడి ఎంత తొందరగా పెరుగుతుందో కొలవాలి. మామూలు కన్నా తొందరగా పెరిగితే అసలు కరెంటు ఆపేయాలి. ఇంకు సీసా ఎత్తు కూడా బుచ్చిరాములే కుదిర్చాడు. పైన పెడితే రంధ్రాల నుంచి కారుతోంది, మరీ కిందికి దించితే అందడం లేదు. స్కేలు పట్టుకుని పదిహేను రోజులు జరిపి జరిపి ఆ మట్టం పట్టుకున్నాడు.

శ్రావణమాసంలో ఒక రోజు మిషన్ అక్షరాలు రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయింది. సర్క్యూట్ చెడిపోయిందని భారతి తల పట్టుకుంది. బుచ్చిరాములు ఇంకు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. లోపల బియ్యపుగింజంత గాలి బుడగ అడ్డం ఉంది. ఇంకు అందక వేడి తొందరగా పెరిగేసరికి సర్క్యూటే కరెంటు ఆపేసింది. దాన్ని తీసి మళ్లీ మొదలుపెడితే పన్నెండు రంధ్రాలూ పనిచేశాయి. హెడ్డు బతికింది.

ఈ పని అయితే ఆ గొంతు ఆగిపోతుందని అతను లోలోపల ఆశపడ్డాడు. భారతి నవ్వుతూ టీ తేవడానికి పోయిన ఆ కాసేపట్లోనే మళ్లీ వినిపించింది.

ఆ సాయంత్రం నేరుగా వదిన ఇంటికి పోయి, గడప దగ్గర నిలబడి ఆ రోజు గంగాళం దగ్గర జరిగిందంతా చెప్పాడు. రాములవ్వ మగ్గం ఆపింది.

"ఇయ్యాల ఎందుకు చెప్తానవ్?"

"అన్న అడుగుతాండు వదినా. దినాం అడుగుతాండు, కాలేజిల మిషన్ నడిచినప్పుడల్లా."

తిడుతుందని, చేతికి దొరికింది విసురుతుందని అనుకున్నాడు. ఆమె మగ్గం మీది నూలు పోగును సరిచేసింది.

"నాకాడికి ఒక్కనాడన్న రాలే," అంది. "పద్నాలుగేండ్లాయె. కలలకు గూడ రాలే. తొందరపడి సచ్చిండని తిట్టుకుంట కూసున్న గదా, ఇగ ఎట్లొస్తడు." తరువాత మెల్లగా అంది, "నువ్వు పో బుచ్చిరాములూ."

రెండు నెలలు అతన్ని గడప తొక్కనివ్వలేదు. దసరా తరువాత ఒక మధ్యాహ్నం ఆమే దారి అడుక్కుంటూ కాలేజీకి వచ్చింది. భారతి స్టూలు వేసింది. మిషన్ టిక్కుటిక్కుమంటూ కాగితం మీద అటూ ఇటూ నడిచింది. బుచ్చిరాములు ముఖం పాలిపోవడం రాములవ్వ చూసింది.

"వచ్చిండా?"

"ఆ."

"గొంతు ఎట్లున్నది? నేను మర్చిపోయిన."

"జర బొంగురుగ ఉన్నది వదినా."

"అవు. పొద్దుగాల లేవంగనే గట్లనే ఉండె," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటి నుంచి నెలకోసారి వచ్చేది. ఆమెకు మిషన్ చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. భారతి పరిశోధన ముగించి, సిద్ధాంతగ్రంథం మొదట్లో బుచ్చిరాములు పేరు రాసి వెళ్లిపోయింది. 1989లో ఆ హెడ్డు ఎండిపోతే ప్రింటర్‌ను స్టోర్ గదిలో పెట్టి తాళం వేశారు.

ఆ రోజుతో గొంతు ఆగిపోయింది. టంకం ఇనుము దగ్గర ఆగి విన్నాడు. అనసూర్య అన్నం ఉడికిస్తుంటే మొదటిసారి వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన కూర్చుని విన్నాడు. ఎసరు కుతకుతమంటోంది, అంతే.

మరుసటి నెల రాములవ్వ కాలేజీ గేటు దాకా వచ్చింది. మిషన్ లేదని చెప్పాడు.

"మరి ఆయన?" అంది.

బుచ్చిరాములు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. "అడుగుతనే ఉన్నడు వదినా," అన్నాడు.

ఆమె తల ఊపి, ఎండలో కొత్తవాడ వైపు నడిచిపోయింది.