మా మంగ, రెండు మగ్గాలు

రండి, ఇలా చాప మీద నా పక్కన కూర్చోండి, ఎండ తగ్గేలోపు చెప్పేస్తాను. మొన్న బీరువా అడుగున అమ్మ పాత చీర ఒకటి కనబడితే మడత విప్పాను. లోపల్నించి గంజి వాసన వచ్చింది. అది ముక్కుకి తగలగానే మంగళగిరిలో మా వీధి నా కళ్ల ముందు లేచి నిలబడింది. తెల్లారగట్ల వీధి పొడుగునా చాపి కట్టిన పడుగు దారాలు, వాటికి గంజి పట్టించి కుంచెలతో దువ్వే మగవాళ్లు, తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ దారాల కిందనుంచి దూరే మమ్మల్ని అదిలించే ఆడవాళ్లు, మబ్బు పట్టిందంటే పడుగు ఆరదని ఆకాశాన్ని పేరు పెట్టి తిట్టే మా నాయనమ్మ. ఆదివారం సాయంత్రం సినిమా కోసం వీధంతా ఒక్క టీవీ ముందు చేరే కాలం అది.

మాది రెండు మగ్గాల ఇల్లు. ముందు వసారాలో పెదనాన్నది, నడవలో నాన్నది, రెండూ నేలలో గుంట తవ్వి దింపినవే. గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేసి తొక్కుతూ తాడు లాగుతుంటే నాడె అటూ ఇటూ పరిగెత్తేది, దాని వెనకే పలక వచ్చి దారాన్ని కొట్టేది, ఆ చప్పుడు గోడల్లోంచీ నేలలోంచీ మా ఒంట్లోకి ఎక్కేది. అమ్మా నేనూ నాడెలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుట్టి అందించేవాళ్లం. పెద్దమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది, పిల్లల్లేరు, పెదనాన్న మాతోనే ఉండేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకేసారి మగ్గం దిగి, చేతులు కడుక్కుని పీటల మీద పక్కపక్కన కూర్చుంటే, నాయనమ్మే వడ్డించేది. ఒకరికి వేసిన గోంగూర ముద్ద కంటే రెండోవారిది చిన్నదైతే ఇల్లు రెండవుతుందని ఆవిడ నమ్మకం.

మంగ నా చెల్లెలు. నాకంటే ఆరేళ్లు చిన్నది. ఎత్తుకుంటే బరువుగా, మెత్తగా, పత్తి మూటలా ఉండేది. మూడో ఏడు దాటాక గానీ నడక రాలేదు. మాటలు అసలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు, కానీ పెరట్లో బొప్పాయి ఆకు రాలితే చూసేది. తెల్లన్నంలో ముద్దపప్పు తప్ప ఇంకేదైనా తగిలితే కంచం విసిరేది. తల దువ్వబోతే గోళ్లతో రక్కేది. వీటన్నిటికంటే మాకు భయం, అది తన మణికట్టు తనే కరుచుకుని తల గోడకేసి కొట్టుకోవడం. ఎందుకు మొదలయ్యేదో తెలిసేది కాదు. ఒకసారి మొదలైతే నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసినా, కొండ మీద స్వామి పానకం తెచ్చి నోట్లో పోసినా, దర్గాలో కట్టించిన తాయెత్తు కళ్లకద్దినా లోపలి గాలంతా అయిపోయేదాకా ఏడ్చేది. గుంటూరు డాక్టరుగారు చూసి, ఎదుగుదల ఆలస్యం, మందులతో పోయేది కాదమ్మా అన్నారు. ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

మాకు తోచింది ఒక్కటే. మగ్గాల రొద పిల్లకి గిట్టట్లేదనుకున్నాం. అందుకని మంగ ఏడుపు అందుకోగానే అమ్మ "ఆపండి, ఆపండి" అంటూ పరిగెత్తుకొచ్చేది, నాన్న ఆపేవాడు, పెదనాన్న కూడా గొణుక్కుంటూ ఆపేవాడు. పాపం, పక్కింటివాళ్లు కూడా జాలిపడి ఆపేవాళ్లు. మగ్గాలన్నీ ఆగేసరికి మంగ మరీ ఎక్కువ ఏడ్చేది. చూశారా, ఆ చప్పుడు బుర్రలోకి ఎంత ఎక్కిపోయిందో అనుకునేవాళ్లం.

అట్లతద్ది వెళ్లిన వారంలో అనుకుంటా, పెదనాన్న నాడె పక్కన పెట్టేశాడు.

"ఒరే తమ్ముడూ, ఇట్టా అయితే మనం నేసినట్టేరా. బెజవాడలో ఇట్టాంటి పిల్లల్ని ఉంచుకునే చోటు ఉందంట. దింపి రా."

"పసిదన్నయ్యా."

"పసిది కాబట్టే అంటున్నా. అక్కడ చూసేవాళ్లుంటారు. ఇక్కడ మనకి చూడటం వచ్చా?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. బావగారి మాటకి ఎదురుచెప్పే అలవాటు లేదు ఆవిడకి. ఆ రాత్రికి మంగ గౌన్లు రెండు ఉతికి ఆరేసింది.

మర్నాడు మేం నలుగురం ఎక్కిన బస్సు తాడేపల్లి దాటి బ్యారేజీ ఎక్కాక షట్టర్ల కింద నీళ్ల హోరు వినిపించింది. అప్పటిదాకా కిటికీ కమ్మీని తన్నుతున్న మంగ కాళ్లు కదపడం మానేసింది. నేనది చూశాను గానీ దానికి అర్థం ఉందని తెలియదు. ఆ చోటికి వెళితే అక్కడి టీచరుగారు, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడేసుకున్న లావుపాటావిడ, మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అంతా విని, "ఉంచుకుంటామండీ, చోటుంది. కానీ ఒకటి చెప్పండి, పాప కరుచుకునే ముందు ఏం జరుగుద్ది?" అంది.

నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ నా వంక చూసింది.

"కరుచుకున్నాక మీరేం చేస్తారో గడగడా చెప్పారు. ముందు ఏం జరిగిందో ఒక్కరూ చెప్పలేదు. అది తెలీకుండా ఇక్కడ వదిలితే మేమూ మీలాగే తడుముకోవాలి. ఇంటికి తీసుకెళ్లి చూడండి. కార్తీకం పోయాక రండి."

చూసే పని నాకు పడింది. అమ్మకి వంటా కండెలూ, నాన్నకి మగ్గం. నేను బడి మానలేదు అప్పటికి, కానీ సెలవు పెట్టించారు, ఆ తర్వాత ఆ సెలవు అలాగే ఉండిపోయింది. గచ్చకాయలు ఆడుతున్నట్టు గడప మీద కూర్చుని మంగనే చూసేదాన్ని, రాత్రి అన్నాల దగ్గర వరసగా అప్పజెప్పేదాన్ని. పొద్దున కుక్కరు కూసింది, ఏడవలేదు. దువ్వెన చూసింది, రక్కింది. నాన్న పోగు తెగిందని ఆపాడు, అప్పటికే పెదనాన్న మగ్గం కూడా ఆగుంది, కరుచుకుంది. పెదనాన్న నూలిచ్చే సావుకారొచ్చాడని లేచాడు, అప్పుడు నాన్న నేస్తున్నాడు, ఏమీ కాలేదు. ఇద్దరూ అన్నానికి దిగారు, తల కొట్టుకుంది. నిన్నా దిగినప్పుడే, మొన్నా దిగినప్పుడే.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయితే నేస్తున్నందుక్కాదా? ఆగినందుకా?"

 ఇన్నాళ్లూ మేం జాలితో చేసిందేమిటో అందరికీ ఒకేసారి అర్థమైంది.

మర్నాడు మంగ దువ్వెనకి ఏడుపు అందుకుంటే నాన్న ఆపలేదు. పిల్ల ఏడుస్తుంటే నేస్తారేంటండీ అని అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న తలెత్తకుండా ఒకే వరసలో నేస్తూ పోయాడు. కాసేపటికి మంగ పాక్కుంటూ వచ్చి, గుంట పక్కన నేలకి చెంప ఆనించి పడుకుంది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఎక్కిళ్లు కూడా ఆగాయి.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ రెండు పీటలు వేసి పిలిచింది. నాన్న లేచాడు. పెదనాన్న లేవలేదు.

"నువ్వు తిని రారా. నాకింకా ఆకలెయ్యలా."

అప్పటికే ఆయన రెండుసార్లు వంటింటి వైపు తొంగిచూడటం నేను చూశాను. నాన్న తిని తన మగ్గం ఎక్కాక గానీ ఆయన దిగలేదు. బెజవాడ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నుంచి రాత్రి మంగ నిద్రపోయాకే రెండో మగ్గం ఆగేది. పనిరోజుల్లో ఆ అన్నదమ్ములు ఇక పక్కపక్కన కూర్చుని తినలేదు. నాయనమ్మకి అది మింగుడు పడక మంగ బుగ్గ పొడిచి, "కోడళ్లు చెయ్యలేని పని చేశావు గదే, నా కొడుకుల్ని వేరు పెట్టావు" అనేది.

కార్తీకం పోయాక టీచరుగారికి ఇదంతా చెబితే సంతోషించింది, మందలించింది కూడా. "ఎల్లకాలం నేస్తూనే ఉంటారా? రేపు మీ ఇద్దరికీ జ్వరమొస్తే? ఆగబోతున్నామని ముందు చెప్పండి. ఒకేలా చెప్పండి, రోజూ చెప్పండి. మాట అర్థం కాకపోతే చేతికి ఏదైనా ఇవ్వండి." అలా నాన్న ఆపబోయే ముందు చప్పుడు నెమ్మది చేసి, "మంగా, ఆపుతున్నా" అని ఒక ఖాళీ కండె దాని చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. స్నానానికి ముందు చెంబు చూపించేవాళ్లం, బయటికి వెళ్లేముందు చెప్పులు. కండె మొదట్లో మా మొహాన విసిరేది. ఏడాది గడిచాక పట్టుకుని కూర్చోవడం నేర్చింది. దువ్వెన దగ్గర మాత్రం ఎవరం గెలవలేదు, నాయనమ్మే విసిగి జుట్టు పొట్టిగా కత్తిరించింది.

అమావాస్య మాకు గండం. ఆ రోజు ఊళ్లో ఏ మగ్గమూ ఆడదు. అందుకని అమావాస్య నాడు నాన్న మా ఇద్దర్నీ బస్సెక్కించి బ్యారేజీ దగ్గర దింపేవాడు, నీళ్ల హోరు పక్కన పులిహోర పొట్లం విప్పుకుని సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. ఎండాకాలం నది ఎండిపోతే, బస్సు రొద వినబడేలా ఇంజను పక్క సీటు కోసం డ్రైవర్లని బతిమాలేవాళ్లం. ఊళ్లో ఏ పిల్లలూ తిరగనంత బెజవాడ మేం తిరిగాం, మంగ పుణ్యమా అని.

ఇప్పుడు మంగ నా దగ్గరే ఉంది. అక్క, అన్నం, నీళ్లు, చాలు, ఇలా కొన్ని మాటలొచ్చాయి. టపాకాయలకి ఇప్పటికీ చెయ్యి కరుచుకుంటుంది. మా వీధిలో ఒక్క మగ్గం లేదు, గుంటలు పూడ్చి టైల్సు వేశారు, వసారాలన్నీ అద్దె గదులయ్యాయి. పడుగులు చాపిన చోట మోటారుసైకిళ్లు నిలబడుతున్నాయి. నాన్న పోయాక పెదనాన్న ఒక్కడే కొన్నాళ్లు నేశాడు. సావుకారు నూలివ్వడం తగ్గించాక ఆయన ఒక్కసారిగా మానెయ్యొచ్చు, మానలేదు. మొదట మధ్యాహ్నం పూట మానేశాడు, ఆ తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత పొద్దున్నే కాసేపు. మగ్గం తగ్గించినకొద్దీ మంగతో అరుగు మీద కూర్చోవడం పెంచాడు. అందుకే ఆ మగ్గం ఏ రోజున ఆగిందో మా ఇంట్లో ఎవరం చెప్పలేం. మంగ ఏడ్చి ఉంటే తెలిసేది.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట మాట రాని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ కోసం అన్నం వేళ మార్చుకునే మనిషి కూడా ఉండాలి. మీ పొయ్యి, మీ పిల్లలు, మీ గడప చల్లగా ఉండాలి.