నీళ్లకు పెట్టిన పేరు

ఉంగ గురించి ఎవరడిగినా మంచి మాటలే చెబుతాను. చెప్పడానికి చాలా ఉన్నాయి కూడా. కానీ ఎటు తిరిగినా నా తప్పు దగ్గరికే వస్తాను కనుక ముందే ఒప్పుకుంటున్నాను. ఇది ఉంగ కథ, ఇందులో దోషిని నేను.

నా పేరు సన్యాసిరావు. బొబ్బిలి దగ్గర పుట్టి, ఇరవై రెండేళ్లుగా కిరందుల్ గనుల్లో ఫిట్టరుగా ఇనుప దుమ్ము మింగుతున్నాను. ఆదివారం వస్తే నాకు క్వార్టర్లో కాలు నిలవదు. కొండలెక్కాలి, మోటారుసైకిలు మీద అడవి దారులు పట్టాలి. ఊరు దాటితే ఫోను సిగ్నలు ఉండదని పన్నెండేళ్ల కిందట విశాఖలో ఒకాయన దగ్గర పాత జీపీఎస్ యంత్రం కొన్నాను. అరచేతిలో ఇమిడే పసుపు డబ్బా. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే ఉపగ్రహాలను వెతుక్కుని మనమెక్కడున్నామో చెబుతుంది. ఏదైనా చోట బొత్తాం నొక్కి పేరు పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు కావాలన్నా బాణం గుర్తుతో అక్కడికి దారి చూపుతుంది.

"దిక్కులు చూసే మనిషికి దిక్కులు చూపే డబ్బా దొరికింది. ఇంకేటి కావాలి!" అని మా ఆవిడ రామతులసి నవ్వింది.

ఆ బాణమే మొదటి నెలలో నన్ను ఒక లోయ అంచుకు తీసుకెళ్లి నిలబెట్టింది. నేను వెళ్లాల్సిన చోటు ఎదురుగానే ఉంది, మధ్యలో తాటిచెట్టు లోతు గొయ్యి. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, వెనక తునికాకు కోస్తున్న మనిషి పడీపడీ నవ్వాడు.

"దాదా, అది చూపెట్టేది పిట్టల దారి. మనుషుల దారి ఇటు."

అతనే ఉంగ, ఆ కొండల్లోని ఊరి మనిషి; దాదా అంటే వాళ్ల మాటలో అన్న. భద్రాచలం వైపు మిర్చి కోతలకు ఏడేళ్లు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు. కోతల్లో సంపాదించినవన్నీ ఖర్చయిపోయాయట, తెలుగు ఒక్కటే మిగిలిందట. అతనికి కిలోమీటర్లు పట్టవు. ఎంత దూరమని అడిగితే "దుంప ఉడికేంత" అనేవాడు. దుంప ఏదో తెలియక నేను మొదట్లో రెండుసార్లు ఎండలో మాడిపోయాను. ముళ్లకంప అడ్డొస్తే తను ముందు దాటి, నేను దాటేదాకా కొమ్మను పట్టుకునే నిలబడేవాడు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ కొమ్మ నా మొహానికి తగల్లేదు.

మూడో ఏడు వేసవిలో నన్నొక మడుగుకు తీసుకెళ్లాడు. చుట్టూ నల్లరాళ్లు, నీళ్లలో చేపల వీపులు. వానలకు ముందు ఊరు నిర్ణయించిన ఒకే ఒక్క రోజు అందులో చేపలు పడతారు. అంతవరకూ ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ రోజు మొదటి వల ఉంగ ఇంటివాళ్లు వెయ్యాలి. అతని తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇప్పుడు అతను. పట్టిన చేపలు ప్రతి ఇంటికీ సమానంగా పంచుతారు, ఎవరూ లేని ముసలమ్మకైనా వాటా తప్పదు. మొదటి వల మాట చెప్పేటప్పుడు ఉంగ కొంచెం నిటారుగా నిలబడేవాడు.

"దీని పేరేంటి?" అని అడిగాను.

"నీళ్లకు పేరేంది దాదా! పేరు పెడితే ఒకరివయితయి. ఇవి అందరివి. ఎవ్వరికీ చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. అతను దోసిలితో నీళ్లు తాగుతుంటే డబ్బా తీసి బొత్తాం నొక్కాను. పేరు అడిగింది. కృతజ్ఞత పొంగుకొచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఉంగ తలాబ్', అంటే ఉంగ చెరువు, అని పెట్టాను. గుర్తు పెట్టుకోవడం చెప్పడం కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పోయిన మార్చిలో రాంబాబు అనే ఇంజనీరు మా విభాగానికి బదిలీ మీద వచ్చాడు. అతనికి కొత్త జీపు, అందులో పెట్టుకోవడానికి నా దానిలాంటి యంత్రమే కొత్తది ఉన్నాయి. "అడవంతా మీ గుప్పిట్లో ఉందట కదండీ మాస్టారూ!" అంటూ ఇంటికొచ్చాడు. ఆ పొగడ్త నా తలకెక్కింది. పన్నెండేళ్లుగా పోగేసిన చోట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి అతని డబ్బాలోకి పంపాను. పంపే ముందు జాబితా తెర మీద కదిలింది. ఆ పేరూ కనిపించింది. తీసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. రాంబాబు అప్పుడు నన్ను పొగుడుతున్నాడు, నా వేలు కదల్లేదు.

రాంబాబు ఆ జాబితాను స్నేహితులకు ఇచ్చాడు. మే నెలలో మూడు జీపులు వెళ్లాయి. చేపల రోజుకు ఇంకా పది రోజులున్నాయి. ఎవరో మడుగులో బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించారు. పెద్ద చేపలు ఏరుకున్నారు, పిల్ల చేపలు వెల్లకిలా తేలాయి.

ఆ సంగతి నాకు సంతలో ఉంగ భార్య ముయె చెప్పింది; అతనితో కోతలకు వెళ్లి ఆమె కూడా తెలుగు నేర్చుకుంది. చింతపండు తూస్తూ నా మొహం కూడా చూడలేదు.

"కట్టెలకు పోయిన మా ఊరి సన్నేను జీపులోళ్లు ఆపి, ఉంగ తలాబ్ ఏడ అని అడిగిన్రంట. డబ్బాల రాసున్న పేరు చూపెట్టిన్రంట. ఊరి నీళ్లకు నీ పేరు ఎట్ల వచ్చిందని ఊరోళ్లు నా మొగుణ్ని నిలబెట్టిన్రు. వాడు నీ పేరు చెప్పలె. ఇగ మొదటి వల వానిది కాదన్నరు."

తల కొట్టేసినట్టయింది. మర్నాడే సెలవు పెట్టి వాళ్ల ఊరికి వెళ్లాను.

ఊరి పెద్ద సుక్కా, పది మంది మగవాళ్లు, సన్నే కూర్చున్నారు. వాళ్లకు తెలుగు రాదు. నా నేరాన్ని వాళ్ల భాషలో చెప్పాల్సింది ఉంగే. ఆ పేరు నేనే పెట్టానన్నాను, అతను చెప్పాడు. ఇంకొకరికి ఇచ్చింది కూడా నేనే అన్నాను, అదీ చెప్పాడు. అందరూ నా వైపు చూస్తుంటే భయమేసింది.

"ఆ పేరు అందులో ఉందని మర్చిపోయాను," అన్నాను.

ఉంగ ఒక్క క్షణం నా కళ్లలోకి చూశాడు. తర్వాత అది కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు.

సుక్కా తీర్పు చెప్పాడు. తప్పు ఉంగది కాదు, మొదటి వల అతనిదే. కానీ చేపలు మళ్లీ పెరిగేదాకా రెండేళ్లు ఎవరూ వల వెయ్యకూడదు. వాళ్ల ముందే ఆ పేరు చెరిపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంకా ఎన్ని డబ్బాల్లో ఉందో నాకు తెలియదు.

ఉంగ నన్ను రోడ్డుదాకా దిగబెట్టడానికి వచ్చాడు. కొంత దూరం నడిచాక ఇక నావల్ల కాలేదు.

"ఉంగా, నేను మర్చిపోలేదు. చూసే పంపాను."

"తెల్సు దాదా. పన్నెండేండ్లల్ల ఒక్క చెట్టు మర్చిపోలె నువ్వు. ఇదొక్కటి మర్చిపోతవా?"

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"నన్ను నీ మాట చెప్పమన్నరు. నీ మాటే చెప్పిన."

కాస్త ముందుకెళ్లాక అడిగాడు. "డబ్బా బంద్ జేసినవా?"

సెల్లులు తీసి అతని చేతిలో పెట్టాను. జేబులో వేసుకున్నాడు. అయినా మడుగు పక్కగా పోయే మా మామూలు దారి వదిలి ఎడమకు తిరిగాడు. అది నేనెప్పుడూ నడవని దారి, మధ్యాహ్నమంతా కొండ చుట్టూ తిప్పింది. ముళ్లకంప వచ్చినప్పుడు మాత్రం ఎప్పటిలాగే కొమ్మ పట్టుకుని నేను దాటేదాకా నిలబడ్డాడు.